దిమ్మ తిరిగింది, అంతేగా!

మొన్న ఒక సాయంకాలం ఆస్పత్రి మూసే వేళకు ఒక కుర్రాడిని వెంటబెట్టుకుని తల్లీ తండ్రీ వచ్చారు. కుర్రాడికి ఇరవై ఒక్క ఏళ్ళుంటాయి. కబడ్డీ ఆటగాడు. ముందురోజు పోటీలో కూతకు వెళ్ళినప్పుడు అవతలి జట్టువాళ్ళు నలుగురు ఒక్కసారిగా మీద పడ్డారట. ఆ పెనుగులాటలో ఎవరిదో మోకాలు ఇతని కణతకు తగిలింది.

"పెద్ద దెబ్బేమీ కాదండీ, దిమ్మ తిరిగింది, అంతే. రెండు నిమిషాలు కూర్చుని లేచి మళ్ళీ ఆడాడు. రక్తం చుక్క రాలేదు. స్కానింగు కూడా తీయించాం, ఏమీ లేదన్నారు. కాస్త తలనొప్పిగా ఉందంటున్నాడు. ఒక ఇంజక్షను ఇచ్చి పంపించండి డాక్టరుగారూ. ఆదివారం సెలక్షన్లున్నాయి" అన్నాడు తండ్రి.

ఆ సెలక్షన్లలో నెగ్గితే రాష్ట్రం జట్టులో చోటు. రాష్ట్రం జట్టులో ఆడితే స్పోర్ట్సు కోటాలో ఉద్యోగానికి దారి. కౌలు వ్యవసాయం చేసుకునే ఆ ఇంటికి అది చిన్న విషయం కాదు.

"ఏం బాబూ, ఎలా ఉంది?" అని కుర్రాడినే అడిగాను. "బాగానే ఉందండీ" అన్నాడు, ట్యూబులైటు వెలుగుకు కళ్ళు చికిలిస్తూ. డిసెంబరు నుంచి నెలల పేర్లు వెనక్కి చెప్పమన్నాను. డిసెంబరు, నవంబరు, అక్టోబరు దాకా బాగానే వచ్చాడు. తరువాత ఆగస్టు అన్నాడు, ఆగాడు, మళ్ళీ అక్టోబరు అన్నాడు. ఒక పాదం వెనుక ఇంకో పాదం ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడమన్నాను. జిల్లా అంతటా రైడరుగా పేరు తెచ్చుకున్న మనిషి తూలి నా బల్ల అంచు పట్టుకున్నాడు.

అంతవరకూ మాట్లాడని తల్లి అప్పుడు నోరు విప్పింది. "అయ్యా, వీడు పొద్దున రెండుసార్లు పళ్ళు తోముకున్నాడు. మొదట తోముకున్న సంగతే వీడికి గుర్తు లేదు."

ఆ మాటతో నాకున్న కాస్త సందేహమూ తీరిపోయింది. "ఆదివారం ఆడకూడదు" అన్నాను. తండ్రి మొహం వాడిపోయింది. ఆ సాయంకాలం వాళ్ళకు చెప్పిన సంగతులే ఈ వారం మీకూ చెబుతున్నాను. ఆటలాడే పిల్లలున్న ప్రతి ఇంటివారూ వీటిని తెలుసుకోవాలి.

నీళ్ళ గిన్నెలో జున్నుముక్క

మన మెదడు కిలోకు పైగా బరువుండే మెత్తటి పదార్థం. పుర్రె అనే గట్టి డొప్పలో, పలుచటి ద్రవంలో తేలుతూ ఉంటుంది. నీళ్ళ గిన్నెలో ఒక జున్నుముక్క వేసి గిన్నెను ఒక్క కుదుపు కుదిపి చూడండి. గిన్నెకు సొట్ట కూడా పడదు. కాని లోపలి ముక్క గిన్నె గోడకు కొట్టుకుంటుంది, మెలితిరుగుతుంది, సాగుతుంది. తలకు దెబ్బ తగిలినప్పుడు మెదడుకు జరిగేది అలాంటిదే. దీనిని డాక్టర్లు కంకషన్ అంటారు. మనవాళ్ళు దిమ్మ తిరగడం, కళ్ళు బైర్లు కమ్మడం, చుక్కలు కనిపించడం అని సరదాగా చెప్పుకునేది చాలాసార్లు ఇదే.

దెబ్బ తలకే తగలాలన్న నియమం లేదు. ఛాతీ మీదో వీపు మీదో గట్టిగా గుద్దుకుని, తల విసురుగా ఊగినా ఇది రావచ్చు.

ఆ కుదుపుకు మెదడులోని నరకణాల పొరలు సాగుతాయి. మామూలుగా కణం లోపల ఉండవలసిన పొటాషియం బయటికి పోతుంది. బయట ఉండవలసిన కాల్షియం లోపలికి జొరబడుతుంది. వీటిని మళ్ళీ యథాస్థానాలకు చేర్చడానికి కణాలు రాత్రింబగళ్ళు నీళ్ళు తోడినట్లు తోడాలి. దానికి శక్తి కావాలి. సరిగ్గా అదే సమయంలో మెదడుకు రక్తప్రసారం తగ్గుతుంది. అంటే ఇంట్లో ఖర్చు పెరిగింది, రాబడి తగ్గింది! ఈ లోటు పూడడానికి కొన్ని రోజులు పడుతుంది. ఒక్కొక్కరిలో వారాలు పట్టవచ్చు. ఆ లోపల మళ్ళీ దెబ్బ తగిలితే, అప్పుల్లో ఉన్న ఇంటికి దొంగలు పడినట్లే.

"మరి స్కానింగులో ఏమీ లేదన్నారు కదండీ?" అన్నాడు తండ్రి. చాలామంది పొరబడేది ఇక్కడే. సి.టి. స్కానింగు తీసేది పుర్రె చిట్లిందా, లోపల రక్తం కారిందా అని చూడడానికి. అది అవసరమే. కాని కణాల పనితీరులో వచ్చిన ఈ గందరగోళం ఆ ఫిల్ములో కనబడదు. రేడియో లోపల ఒక తీగ వదులైతే పైపెట్టె ఫొటో తీస్తే తెలుస్తుందా? స్కానింగు బాగుందంటే ప్రాణాపాయం లేదని మాత్రమే అర్థం. ఆడవచ్చని కాదు.

ఎలా గుర్తు పట్టాలి?

స్పృహ తప్పితేనే దెబ్బ లెక్క అనుకోవడం రెండో పొరబాటు. ఆటల్లో కంకషన్ తగిలిన వారిలో స్పృహ తప్పేవారు సుమారు పదిమందిలో ఒకరు మాత్రమే. మిగతావారు లేచి నిలబడతారు, మాట్లాడతారు, ఆడతారు కూడా.

తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, చూపు మసకబారడం, వెలుతురునూ చప్పుడునూ భరించలేకపోవడం, అడుగు తూలడం, తల బరువెక్కి మబ్బుగా ఉండడం, అడిగినదానికి ఆలస్యంగా జవాబు చెప్పడం, చెప్పిందే మళ్ళీ చెప్పడం, దెబ్బకు ముందో వెనుకో జరిగినవి గుర్తులేకపోవడం - వీటిలో ఏ ఒక్కటి ఉన్నా కంకషన్ అనే అనుమానించాలి. చీటికీమాటికీ విసుక్కోవడం, కారణం లేకుండా ఏడుపు రావడం, నిద్ర ఎక్కువ కావడమో పట్టకపోవడమో కూడా ఇందులో భాగాలే. కొన్ని లక్షణాలు వెంటనే రాక, కొన్ని గంటలకో మర్నాటికో బయటపడతాయి.

2014 ప్రపంచకప్పు ఫుట్‌బాల్ ఫైనల్లో జరిగింది చూడండి. జర్మనీ ఆటగాడు క్రిస్టఫ్ క్రామర్ మొదటి ఇరవై నిమిషాల్లోనే అర్జెంటీనా ఆటగాడి భుజానికి తల గుద్దుకుని పడ్డాడు. లేచి ఇంకో పావుగంట దాకా ఆడాడు. చూసేవారికి బాగానే ఉన్నట్లుంది. చివరకు అతను రిఫరీ దగ్గరకు వెళ్ళి, ఇది ఫైనలేనా అని అడిగాడు! రిఫరీకి అనుమానం వచ్చి జట్టువారికి చెబితే, 31వ నిమిషంలో బయటికి తీసుకుపోయారు. కోట్లమంది చూస్తున్న ఆటలో, ఆ ఆట ఏమిటో తెలియకుండానే ఒక మనిషి పరుగెత్తాడు.

నడిచి వచ్చాడు కదా!

అన్ని తలదెబ్బలూ కంకషన్‌తో ఆగవు. 1998 ఫిబ్రవరిలో మన మాజీ టెస్టు ఆటగాడు రమణ్ లాంబా ఢాకాలో ఒక క్లబ్బు మ్యాచిలో బ్యాట్స్‌మన్‌కు అతి దగ్గరగా, హెల్మెట్టు లేకుండా ఫీల్డింగు చేస్తున్నాడు. బలంగా కొట్టిన బంతి తలకు తగిలింది. లేచాడు. తన కాళ్ళమీద తానే నడిచి లోపలికి వెళ్ళాడు. కొంతసేపటికి బాగాలేదన్నాడు, తరువాత స్పృహ పోయింది. లోపల రక్తం గడ్డకట్టింది. ఆపరేషను చేసినా దక్కలేదు. మూడో రోజున, 38 ఏళ్ళ వయసులో మరణించాడు.

పుర్రెలోపల రక్తనాళం చిట్లితే రక్తం మెల్లమెల్లగా చేరుతుంది. అందుకే మొదట బాగానే ఉన్న మనిషి గంటల్లో ప్రమాదంలో పడతాడు. "నడిచి వచ్చాడు కదా" అన్నది ధైర్యం చెప్పుకోవడానికి పనికివచ్చే మాట కాదు.

తలకు దెబ్బ తగిలినవారిని మొదటి 24 గంటలూ ఒంటరిగా వదలకండి. కింద చెప్పినవాటిలో ఏది కనిపించినా, అర్ధరాత్రయినా సరే, వెంటనే పెద్దాస్పత్రికి తీసుకువెళ్ళండి.

తలనొప్పి అంతకంతకూ పెరగడం. మళ్ళీ మళ్ళీ వాంతులు. మూర్ఛ. లేపినా సరిగా లేవకుండా మత్తుగా ఉండడం. కాలో చెయ్యో బలహీనపడడం, తిమ్మిరెక్కడం. మాట ముద్దగా రావడం. ఒక కంటిపాప పెద్దదిగా, ఒకటి చిన్నదిగా ఉండడం. ఒకటి రెండుగా కనిపించడం. ముక్కులోంచో చెవిలోంచో రక్తంగాని నీరులాంటి ద్రవంగాని కారడం. అయోమయం ఎక్కువ కావడం. మెడ ఎముకలో నొప్పి ఉంటే మాత్రం మనిషిని కదపకుండా, తల అటూ ఇటూ తిప్పకుండా అంబులెన్సు పిలవాలి. రక్తం పలుచబడే మందులు వాడేవారైతే ఈ లక్షణాలేవీ లేకపోయినా డాక్టరుకు చూపించాలి.

అరసెకను ఆట

"సరే, ప్రాణానికి భయం లేదన్నారు కదా. తలనొప్పికి మాత్ర వేసుకుని ఆడితే ఏం?" ఇది కుర్రాడు అడిగిన ప్రశ్న.

ఆటగాడి పెట్టుబడి కండలు మాత్రమే కాదు. చూసినదానిని మెదడు గ్రహించి, కాలికీ చేతికీ ఆజ్ఞ పంపే వేగం కూడా. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి బౌలరు చెయ్యి వదిలాక బ్యాట్స్‌మన్‌ను చేరడానికి పట్టేది సుమారు అరసెకను. కంకషన్ తరువాత ఈ గ్రహించే వేగం మందగిస్తుంది. నిలకడ తప్పుతుంది. ఏ బంతిని వదలాలి, ఎప్పుడు గీత దాటి వెనక్కి రావాలి అన్న నిర్ణయాలు తడబడతాయి. అంటే, దెబ్బ తప్పించుకునే శక్తి తగ్గిన మనిషిని మళ్ళీ దెబ్బల మధ్యకు పంపుతున్నామన్నమాట. అంతే కాదు, కంకషన్ నుంచి తిరిగివచ్చిన ఆటగాళ్ళకు ఆ తరువాత కొన్ని నెలలపాటు మోకాలికీ చీలమండకూ గాయాలు మామూలు కంటే ఎక్కువగా అవుతున్నాయని పరిశోధనల్లో తేలింది. కారణం కాలిలో లేదు, కాలిని నడిపించే చోట ఉంది.

ఆగినవాడు ఏం పోగొట్టుకుంటాడో కూడా చూద్దాం. 2019 ఆగస్టులో లార్డ్స్ మైదానంలో ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ స్టీవ్ స్మిత్ 80 పరుగుల మీద ఉండగా జోఫ్రా ఆర్చర్ వేసిన బౌన్సరు మెడ దగ్గర తగిలి కూలిపోయాడు. బయటికి వెళ్ళాడు. పరీక్షల్లో బాగానే ఉన్నాడన్నారు. తిరిగి వచ్చి 92 దాకా ఆడాడు. మర్నాడు ఉదయం లేచేసరికి తల మబ్బుగా, తూలుడుగా ఉంది. మళ్ళీ పరీక్షించి ఆటనుంచి తప్పించారు. సరిగ్గా ఆ నెల 1వ తేదీనుంచే అంతర్జాతీయ క్రికెట్టులో కంకషన్ తగిలినవారి బదులు వేరొకరిని ఆడించే నియమం వచ్చింది. ఆ నియమం కింద టెస్టుల్లో మొదటిసారి బరిలోకి దిగినవాడు మార్నస్ లబుషేన్. స్మిత్ ఆ తరువాతి టెస్టు కూడా ఆడలేదు. ఆపై మాంచెస్టరు టెస్టులో తిరిగి వచ్చి 211 పరుగులు చేశాడు!

మరుసటి సంవత్సరం డిసెంబరులో కాన్‌బెర్రాలో మన రవీంద్ర జడేజాకు ఆఖరి ఓవరులో మిచెల్ స్టార్క్ బంతి హెల్మెట్టుకు తగిలింది. అతను ఓవరు పూర్తయ్యేదాకా ఆడాడు. డ్రెస్సింగు రూముకు వచ్చాక కళ్ళు తిరుగుతున్నాయన్నాడు. అతని బదులు యుజ్వేంద్ర చహల్ వచ్చి మూడు వికెట్లు తీశాడు. జడేజా ఆ సిరీసులో మిగిలిన రెండు మ్యాచిలూ ఆడలేదు. తరువాత సంవత్సరాల తరబడి ఆడాడు. ఒకటి రెండు ఆటలు వదులుకోవడం వల్ల వీరి జీవితాలకు లోటేమీ రాలేదు.

మళ్ళీ మళ్ళీ తగిలితే

ఒకసారి కంకషన్ తగిలినవారికి మరోసారి తగిలే అవకాశం ఎక్కువ. తగిలినకొద్దీ కోలుకోవడానికి పట్టే కాలం కూడా పెరగవచ్చు.

దీనికి ఉదాహరణ ఆస్ట్రేలియా యువకుడు విల్ పుకోవ్‌స్కీ. దేశం గర్వించదగ్గ బ్యాట్స్‌మన్ అవుతాడని అందరూ అన్నారు. బడిలో చదివే రోజుల్లో ఫుట్‌బాల్ ఆడుతూ తలకు దెబ్బ తిన్నాడు. తరువాత ఒకదాని వెంట ఒకటి. 2020 డిసెంబరులో మన కార్తీక్ త్యాగి బౌన్సరు హెల్మెట్టుకు తగలడంతో, రావలసిన టెస్టు అవకాశం వాయిదా పడింది. 2021 జనవరిలో సిడ్నీలో మన జట్టు మీదే మొదటి టెస్టు ఆడి 62 పరుగులు చేశాడు. అదే చివరిది కూడా అయింది. 2024 మార్చిలో మళ్ళీ బౌన్సరు తగిలింది. తలనొప్పి, నీరసం, కళ్ళు తిరగడం నెలల తరబడి వదలలేదు. 2025 ఏప్రిల్‌లో, 27 ఏళ్ళకే, ఆట మానుకుంటున్నానని ప్రకటించాడు. అప్పటికి అతనికి డజనుకు పైగా కంకషన్లు తగిలాయి.  హెల్మెట్టు పెట్టుకునే ఆడాడు.

హెల్మెట్టు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1962లో వెస్టిండీసులో మన కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ తలకు చార్లీ గ్రిఫిత్ బంతి తగిలి పుర్రె చిట్లింది. ప్రాణం దక్కింది గాని మళ్ళీ టెస్టు ఆడలేదు. ఆనాడు హెల్మెట్లు లేవు. హెల్మెట్టు అలాంటి ప్రమాదాన్ని చాలావరకు తప్పిస్తుంది. కాబట్టి తప్పకుండా పెట్టుకోవాలి. కాని గిన్నె పగలకుండా చూడగలదే గాని, లోపలి జున్నుముక్క కదలకుండా పూర్తిగా ఆపలేదు. కబడ్డీవారికైతే ఆ హెల్మెట్టు కూడా లేదు.

ఇక ఏళ్ళ తరబడి తలకు దెబ్బలు తిన్నవారి సంగతి. బాక్సింగు ఆడినవారిలో కొందరు తరువాతి జీవితంలో తాగినవారిలా తూలుతూ, మాట తడబడుతూ, మతిమరుపుతో బాధపడటాన్ని అమెరికా డాక్టరు హారిసన్ మార్ట్‌లండ్ 1928లోనే వైద్యలోకానికి వివరించాడు. బాక్సర్లకే అనుకున్నారు. 2002లో అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరుమోసిన మైక్ వెబ్‌స్టర్ యాభై ఏళ్ళకే మరణించాడు. చివరి రోజుల్లో ఇల్లూ వాకిలీ పట్టకుండా తన బండిలోనే పడుకున్న రోజులున్నాయి. డాక్టరు బెన్నెట్ ఒమాలు అతని మెదడును పరీక్షించి, టౌ అనే మాంసకృత్తు ముద్దలుగా పేరుకుపోయిందని కనుగొన్నాడు. ఆ తరువాత వేలమంది మాజీ ఆటగాళ్ళు కోర్టుకెక్కారు. 2013లో 76.5 కోట్ల డాలర్లకు ఒప్పందం కుదిరింది. తరువాత ఆ పరిమితి కూడా ఎత్తివేశారు.

ఇంగ్లండులో జెఫ్ ఆసిల్ అనే ఫుట్‌బాల్ ఆటగాడు బంతిని తలతో కొట్టడంలో దిట్ట. 59 ఏళ్ళకు మతి పూర్తిగా చెడి మరణించాడు. 2002లో విచారణ జరిపిన అధికారి దానిని వృత్తి వల్ల వచ్చిన జబ్బుగా తేల్చాడు. 2003లో రగ్బీ ప్రపంచకప్పు గెలిచిన ఇంగ్లండు జట్టులోని స్టీవ్ థాంప్సన్, ఆ కప్పు గెలిచిన రోజే తనకు గుర్తు లేదని 2020లో చెప్పాడు. అప్పటికి అతని వయసు 42. స్కాట్లండులో మాజీ వృత్తి ఫుట్‌బాల్ ఆటగాళ్ళ మీద జరిపి 2019లో ప్రచురించిన పరిశోధనలో, మతిమరుపు వంటి మెదడు జబ్బులతో మరణించడం వారిలో మామూలువారి కంటే సుమారు మూడున్నర రెట్లు ఎక్కువని తేలింది.

ఇవి చదివి హడలిపోకండి. ఒకటి రెండు కంకషన్లు తగిలి, పూర్తిగా కోలుకున్న తరువాతే ఆటకు వెళ్ళినవారిలో అత్యధికులు నిక్షేపంగా ఉంటారు. ప్రమాదమల్లా ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ తగిలే దెబ్బలతోనే.

ఎందుకు దాస్తారు?

కాలు విరిగితే కట్టు కనబడుతుంది. అందరూ అయ్యో అంటారు. దిమ్మ తిరిగితే ఏమీ కనబడదు. "తలనొప్పికే కూర్చున్నాడా?" అని తోటివాళ్ళే నవ్వుతారు. తన చోటు ఇంకొకడికి పోతుందన్న భయం ఉంటుంది. ఆట మీదే ఆ ఇంటి ఆశ ఉన్నప్పుడు కుర్రాడు నిజం చెప్పడు. "బాగానే ఉంది" అంటాడు. అందుకని అతనిని అడగడం కంటే అతనిని కనిపెట్టి చూడడం మేలు. దెబ్బతిన్న మెదడే తాను దెబ్బతిన్నానో లేదో తీర్పు చెప్పాలంటే ఎలా?

మళ్ళీ బరిలోకి ఎప్పుడు?

అనుమానం వచ్చిన క్షణాన ఆట ఆపాలి. ఆ రోజు మళ్ళీ ఆడకూడదు. ఇందులో బేరం లేదు.

మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి. విశ్రాంతి అంటే చీకటిగదిలో మూసిపెట్టడం కాదు. ఆ పాత పద్ధతి వల్ల మేలు లేదని ఇప్పుడు తెలిసింది. ఇంట్లో మామూలుగా తిరగవచ్చు. సెల్‌ఫోను, టీవీ మాత్రం ఈ రెండు రోజులూ బాగా తగ్గించాలి. మద్యం ముట్టకూడదు. బండి నడపకూడదు.

తరువాత మెట్టు వెంట మెట్టు. మొదట రోజూ కాసేపు నడక. అది పడితే వేగంగా నడవడం, సైకిలు తొక్కడం. ఆపైన పరుగు. ఆ తరువాత ఎవరినీ తాకకుండా తన ఆటకు సంబంధించిన కసరత్తులు. అప్పటికి తలనొప్పి వగైరాలు పూర్తిగా పోయి ఉంటే, డాక్టరు చూసి సరేనన్నాక, అందరితో కలిసి పూర్తి ప్రాక్టీసు. ఆఖరున పోటీ. ఒక్కొక్క మెట్టు మీద కనీసం ఒక రోజు ఉండాలి. పై మెట్టు ఎక్కినప్పుడు బాధ పెరిగితే ఒక మెట్టు దిగి, మర్నాడు మళ్ళీ ప్రయత్నించాలి. చదువుకునే పిల్లలు ముందు బడికి మామూలుగా వెళ్ళగలగాలి, ఆ తరువాతే ఆట.

పెద్దవారు ఎక్కువమంది రెండు వారాల్లో కోలుకుంటారు. పిల్లలకు నాలుగు వారాల దాకా పట్టవచ్చు. రోజూ దగ్గరుండి చూసే డాక్టర్లున్న పెద్ద జట్ల సంగతి వేరు. ఊళ్ళల్లో ఆడుకునేవారికి, 21 రోజులు నిండకుండా పోటీలో దిగవద్దని బ్రిటన్‌లో 2023లో నియమం పెట్టారు. మన ఊళ్ళకూ ఆ లెక్కే మంచిది. నెల దాటినా తగ్గకపోతే నరాల డాక్టరుకు చూపించాలి. మెడకు, తూలుడుకు ప్రత్యేకమైన వ్యాయామాలున్నాయి, వాటితో గుణం కనిపిస్తుంది.

అందరూ అడిగే సందేహాలు

తలకు దెబ్బ తగిలితే నిద్రపోనివ్వకూడదంటారు, నిజమేనా? డాక్టరు చూసి, ప్రమాద లక్షణాలు లేవన్నాక నిద్రపోవచ్చు. నిద్ర మెదడుకు మంచి మందు. మొదటి రాత్రి పక్కన ఒకరు పడుకుని గమనిస్తూ ఉంటే చాలు.

బొప్పి కట్టింది, వేడి కాపడం పెట్టవచ్చా? వద్దు. మొదటి రోజు గుడ్డలో చుట్టిన ఐసుముక్క పెట్టండి. గట్టిగా రుద్దకండి. గాయంలో కాఫీపొడి, పసుపు కూరకండి.

బొప్పి కడితే దెబ్బ బయటికి వచ్చేసినట్లేనా? కాదు. బొప్పికీ లోపలి దెబ్బకూ సంబంధం లేదు. పెద్ద బొప్పి కట్టినా లోపల బాగుండవచ్చు, బొప్పి లేకుండానే కంకషన్ రావచ్చు.

నొప్పికి ఏ మాత్ర వేసుకోవాలి? తప్పనిసరైతే పారాసిటమాల్. ఆస్ప్రిన్, ఐబుప్రొఫెన్ వంటివి మొదటి రెండు రోజులు వద్దు, లోపల రక్తస్రావం ఉంటే అవి దానిని పెంచవచ్చు. నిద్రమాత్రలు అసలే వద్దు. మాత్ర వేసుకుని నొప్పి తెలియకుండా ఆడడం, మంట కనబడకుండా కళ్ళు మూసుకోవడం లాంటిది.

ఆదివారం మాట

"ఈ ఆదివారం పోతే మళ్ళీ ఏడాది దాకా రాదండీ" అన్నాడు తండ్రి ఆ సాయంకాలం.

"నిజమే. ఆడకపోతే ఒక ఏడాది పోతుంది. ఆడితే ఎంత పోతుందో నేను చెప్పలేను" అన్నాను.

కుర్రాడు ఆడలేదు. తొమ్మిదో రోజుకు తలనొప్పి పోయింది. నాలుగో వారంలో మళ్ళీ కూతకు వెళ్ళాడు. సెలక్షను మాత్రం పోయింది. ఆ ఇంటికి జరిగిన నష్టం చిన్నదని నేననను. ఆ తండ్రి చాలా రోజులు బజారులో కనిపించినా పలకరించలేదు. నేనూ తప్పుపట్టలేదు.

ఒక్క విషయం మాత్రం పోటీలు నడిపే పెద్దలకు మనవి చేస్తున్నాను. నిజం చెప్పిన ఆటగాడికి చోటు పోతుందంటే ఏ ఆటగాడూ నిజం చెప్పడు. క్రికెట్టువారు 2019లో బదులు ఆటగాడిని అనుమతించి ఈ చిక్కును కొంత తీర్చారు. తలకు దెబ్బ తగిలి డాక్టరు చీటీ తెచ్చిన కుర్రాడికి నెలరోజుల తరువాత ఇంకొకసారి సెలక్షను చూడడం జిల్లా సంఘాలకు పెద్ద ఖర్చు కాదు. ఒక్క మధ్యాహ్నం పని.

తల్లిదండ్రులకు ఒక్క మాట. మీ అబ్బాయి పోటీనుంచి ఇంటికి వచ్చి "బాగానే ఉంది" అన్నప్పుడు, ఆ మాటతో సరిపెట్టుకోకండి. లైటు వేస్తే కళ్ళు మూసుకుంటున్నాడా, అడిగిందే అడుగుతున్నాడా, అన్నం ముందు కూర్చుని వికారమంటున్నాడా చూడండి. నా పరికరాలేవీ పట్టుకోకముందే ఆ తల్లి రోగం పట్టుకుంది. పొద్దున రెండోసారి పళ్ళు తోముకుంటుంటే ఊరుకోకుండా గుర్తు పెట్టుకుంది, అంతే.